కాఫీ చల్లారేలోపు

మా కరక్ ఊరి అరబ్బుల్లో మగవాణ్ణి పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. పెద్దకొడుకు పేరు తగిలించి పిలుస్తారు. కొడుకు సాలిం అయితే తండ్రి అబూ సాలిం. నాకు కొడుకు లేడు. పెళ్ళే కాలేదు, ఇక కొడుకెక్కడ? అయినా ఊరు నన్ను ఊరికే వదల్లేదు. అబూ నోమ్ అని పేరు పెట్టింది. అంటే నిద్రకు తండ్రి. ఎదురుగా ఎవరూ అనరు లెండి. ఎదురుగా అందరికీ నేను మిత్ఖాల్ మాస్టారినే. నా కళ్ళు మూతపడ్డాకే ఆ పేరు బయటికొస్తుంది. కళ్ళు మూసుకున్నవాడికి చెవులు కూడా మూసుకుంటాయని మావాళ్ళ నమ్మకం.

బడిలో భూగోళం చెప్పేవాణ్ణి. ఒక మిట్టమధ్యాహ్నం నల్లబల్ల మీద నైలు నది గీస్తూ గీస్తూ నిద్రపోయాను, నిలబడే. చెయ్యి మాత్రం ఆగలేదు. నైలు దారి తప్పి ఎర్రసముద్రంలో కలిసింది. పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. హెడ్మాస్టరు మాత్రం నవ్వకుండా నన్ను పాఠ్యపుస్తకాల గదికి మార్చాడు. "అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు మాస్టారూ, పుస్తకాలకి నోరుండదు కదా" అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ మాట అన్నవాడికి నా నిద్ర తెలియదు. అలసిపోతే వచ్చే నిద్ర కాదిది. పట్టపగలు, ఎవరితోనో మాట్లాడుతుండగా, మెడ వెనక చెయ్యి వేసి నొక్కినట్టు వస్తుంది. మంగలి కుర్చీలో నిద్రపోయాను. చావింట్లో, పక్కవాడు ఏడుస్తుంటే నిద్రపోయాను. బస్సులో నిద్రపోయి మా ఊరు దాటి పక్క ఊళ్ళో దిగిన రోజులకు లెక్కే లేదు. పోనీ రాత్రయినా హాయిగా పడుకుంటానా అంటే అదీ లేదు. పీడకలలు, ఉలికిపాట్లు. రాత్రంతా ఏం వెలగబెడుతున్నాడో పగలు తూగుతున్నాడు అనుకునేవాళ్ళు. మా అమ్మ, పాపం, షేక్‌లతో నీళ్ళు మంత్రింపించి తాగించేది. దిష్టి తగిలిందని ఆమె బాధ.

దానికంటే పెద్ద పీడ ఇంకొకటుంది. నవ్వు. గట్టిగా నవ్వొస్తే నా మోకాళ్ళు సడలిపోతాయి. దవడ వేలాడుతుంది, తల గుండెల మీదికి వాలుతుంది, నాలుక తిరగదు. లోపల మాత్రం పూర్తి మెలకువతో ఉంటాను. అన్నీ వినపడుతుంటాయి. కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. ఈలోగా చూసేవాళ్ళకు నేను మళ్ళీ నిద్రపోయినట్టే లెక్క.

అందుకని నవ్వడం మానేశాను. నలుగురు కూర్చున్న చోట ఎవరైనా గొంతు సవరించుకుని "ఒక తఫీలావాడున్నాడట" అని పక్క ఊరివాళ్ళ మీద జోకు మొదలుపెడితే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. సగం జోకులో లేచిపోయేవాణ్ణి ఎవరు రెండోసారి పిలుస్తారు? ఒక్కొక్క గుమ్మమే దూరమైంది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, అయినా ఒంటరివాణ్ణయిపోయాను. ఎండబెట్టిన పెరుగుగడ్డలా ఆ మొహమేంటి అనేవాళ్ళు. నాకు తిక్కరేగి మొహం ఇంకా ముడుచుకునేవాణ్ణి.

నేను మెలకువగా ఉంటానని కనిపెట్టిన మనిషి లోకం మొత్తమ్మీద ఒక్కతే. నౌఫా.

నౌఫా నా తమ్ముడు అవ్వాద్ కూతురు. ఫాస్ఫేట్ లారీ తిరగబడి అవ్వాద్ పోయాడు. దాని తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని వెళ్ళింది. మా ఆచారం ప్రకారం పిల్ల తండ్రి ఇంట్లో, అంటే మా అమ్మ దగ్గరా నా దగ్గరా ఉండిపోయింది. ఒకసారి మేక పెరట్లో ఆరేసిన మా అమ్మ గౌను మెడలో వేసుకుని వీధిలోకి పరిగెత్తింది. నవ్వాపుకోలేక నేను గోడవారన కూలబడ్డాను. నౌఫా వచ్చి నా కనురెప్ప ఎత్తి చూసింది. తర్వాత చెవిలో "పెదనాన్నా, నానమ్మ ఊరగాయ జాడీ నేనే పగలగొట్టాను" అంది. కాస్త తేరుకోగానే "ఏ జాడీ, పెద్దదా చిన్నదా?" అన్నాను.

"నువ్వు నిద్రపోలేదు! ఏ జాడీ పగల్లేదు, ఊరికే అన్నా!" అని గంతులేసింది.

అప్పటినుంచి నేను ఒరిగిపోయినప్పుడల్లా వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెబుతుండేది. జవాబు రాదని దానికి తెలుసు. వింటున్నానని కూడా తెలుసు. బదులు రాని మనిషితో అంతసేపు మాట్లాడాలంటే ఎంత ప్రేమ ఉండాలో ఎప్పుడైనా ఆలోచించండి.

పెద్దదయ్యాక నర్సు చదువు చదివింది. మా అమ్మ చనిపోయిన ఏడాదే నన్ను బలవంతంగా రాజధాని అమ్మాన్‌కి తీసుకెళ్ళి నిద్ర డాక్టరుకు చూపించింది. ఒక రాత్రంతా తలకు తీగలు అంటించి పడుకోబెట్టారు. మర్నాడు పగలు, రెండేసి గంటలకొకసారి మళ్ళీ మళ్ళీ పడుకోమన్నారు. నా జీవితంలో నిద్రపొమ్మని బతిమాలినవాళ్ళు వాళ్ళే. డాక్టర్ లమ్యా చిన్నపిల్ల, చూడబోతే నౌఫా కంటే కాస్త పెద్దదేమో. కాగితాలన్నీ చూసి ఇలా చెప్పింది.

"ఇది బద్ధకం కాదు బాబాయ్‌గారూ. దిష్టీ కాదు. మెలకువని నిలబెట్టే పదార్థం ఒకటి మెదడులో తయారవుతుంది. మీకది కరువైంది. నిద్రా, నవ్వితే ఒళ్ళు సడలిపోవడం, రెండూ ఆ ఒక్క జబ్బే. పోదు గానీ మాట వింటుంది."

ఆ మాట విని నేను ఏడ్చాను. ఇన్నేళ్ళుగా నన్ను నేనే సోమరిపోతునని తిట్టుకున్నాను. కనీసం ఆ తిట్టు నాకు చెందదని తెలిసింది.

పొద్దున్నే ఒక మాత్ర. పగలు రెండుసార్లు, వేళ తప్పకుండా, చిన్న కునుకు. అది దొంగనిద్ర కాదట, మందేనట. మధ్యాహ్నం పొట్టనిండా అన్నం పనికిరాదు. బండి నడపకూడదు. ఇవన్నీ చేశాను, మనిషినయ్యాను. పుస్తకాల గదిలో మొదటిసారి పుస్తకాలు చదివాను. డాక్టర్ చెప్పినవాటిలో ఒక్కటే నావల్ల కాలేదు. "మీవాళ్ళకి చెప్పండి" అంది. మా చిన్నతమ్ముడు సత్తాంకి చెప్పి చూశాను.

"నిద్ర కూడా జబ్బేనా అన్నా? మన్సఫ్ మాంసం అన్నం తిన్నాక ఊరంతా రోగులే అయితే!" అన్నాడు. ఇక నోరెత్తలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న వేసవిలో నౌఫాకు సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సఖర్, అకబా రేవులో ఉద్యోగం. ఇద్దరూ ఆసుపత్రిలో కలుసుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. ఇక మిగిలింది జాహా. అబ్బాయి తరఫు పెద్దమనుషులు వరసగా వచ్చి మా చావడిలో కూర్చుంటారు. చేదు కాఫీ పోస్తాం. వాళ్ళ పెద్ద తన గిన్నె ముట్టకుండా ముందర పెట్టుకుని పిల్లనడుగుతాడు. మా ఇంటి పెద్ద లేచి "కాఫీ తాగండి, మీరడిగింది మీదే" అనాలి. అంటేనే తాగుతారు. మాట రాకుండా కాఫీ చల్లారితే కాదన్నట్టు. అందరూ లేచి వెళ్ళిపోతారు, ఆ రెండు ఇళ్ళూ మళ్ళీ మొహాలు చూసుకోవు.

ఆ మాట చెప్పాల్సింది నేను. ఇంటికి పెద్దవాణ్ణి, పిల్లను పెంచినవాణ్ణి.

సత్తాం వచ్చి మెల్లగా మొదలుపెట్టాడు. "అన్నా, నువ్వు పెద్దవాడివి, పక్కన దర్జాగా కూర్చో. మాట నేను చెప్తా."

"ఎందుకూ, నాకు నోరు లేదా?"

"నోరుంది. అదెప్పుడు మూతబడుతుందో తెలీదు కదా. చావింట్లో గురకపెట్టినవాడివి నువ్వు. అంతమంది ముందు తూలావంటే మన పరువు మట్టిలో కలుస్తుంది."

"ఒరేయ్, దానికి జ్వరమొస్తే రాత్రుళ్ళు కూర్చున్నది నేను. బళ్ళో చేర్చింది నేను. ఆ ఒక్క మాట నాది. కావాలంటే నా వాటా పొలం తీసుకో, ఆ మాట మాత్రం ఇవ్వను" అన్నాను.

వాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే నా బతుకులో నేను పట్టుబట్టి అడిగింది అదొక్కటే. నలుగురి మధ్య నిటారుగా నిలబడి, నా పిల్ల కోసం ఒక మాట, పూర్తిగా, నా నోటితో.

నౌఫా మాత్రం "వాళ్ళకి ముందే చెప్పేద్దాం పెదనాన్నా" అంది.

"పిచ్చిదానా, పెళ్ళిమాటల్లో జబ్బు పేరెత్తుతారా ఎవరైనా? పిల్ల రక్తంలో కూడా ఉందేమోనంటారు. నోరు మూసుకో" అన్నాను. మా ఊళ్ళో పిచ్చిని, క్షయని, అప్పుని దాచినట్టే దీన్నీ దాచాను. అందరూ చేసే పనే.

ఆ శుక్రవారం యుద్ధానికి వెళ్ళేవాడిలా తయారయ్యాను. పొద్దున మాత్ర వేసుకున్నాను. అన్నం ముట్టలేదు, పెరుగూ దోసకాయా తిన్నాను. నమాజు అయ్యాక నౌఫా తలుపు మూసి నన్ను కునుకు తియ్యమని, వేళకు తనే లేపింది. మా పినతండ్రి కొడుకులను పిలిచి "ఇవాళ జోకులేస్తే కాళ్ళు విరగ్గొడతా" అని హెచ్చరించాను. నిద్రకు ఒక కట్ట, నవ్వుకు ఒక కట్ట వేశాను. ఇక వరద వచ్చే దారి లేదనుకున్నాను.

వాళ్ళు వచ్చారు. చావడి నిండిపోయింది. వాళ్ళ పెద్ద షేక్ దైఫుల్లా, తెల్లటి మీసాలు, బండ గొంతు. కాఫీ గిన్నె అందుకుని ముందర పెట్టుకున్నాడు. దేవుణ్ణి తలిచాడు, మా వంశాన్ని పొగిడాడు, మా అవ్వాద్‌ను పేరెత్తి గుర్తు చేసుకున్నాడు. "మీ అమ్మాయి నౌఫాని మా అబ్బాయి సఖర్‌కి అడగడానికొచ్చాం" అని ముగించాడు.

లేచాను. కళ్ళలో నిద్ర నలుసంత కూడా లేదు. స్వాగతం చెప్పాను. వచ్చినవాళ్ళ పెద్దరికాన్ని తలచుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా, గంభీరంగా వినిపించింది. సత్తాం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇక మిగిలింది ఆ ఒక్క మాట. ఆడవాళ్ళ గది వైపు తెర కాస్త కదిలింది. సందులోంచి నౌఫా మొహం కనిపించింది. అది నన్ను చూసుకుని మురిసిపోతోంది.

అంతే. నా గుండెలో ఏదో పొంగింది. దానికి కట్ట కట్టడం నాకు తట్టనే లేదు. సంతోషం కూడా మోకాళ్ళు విరుస్తుందని నాకెలా తెలుస్తుంది? ఎప్పుడైనా వస్తేగా!

దవడ వేలాడింది. మోకాళ్ళు మడతపడ్డాయి. వెనకున్న దిండు మీదికి కూలిపోయాను, గడ్డం గుండెకు ఆనింది.

మా మూల నుంచే ఎవడో కిసుక్కుమన్నాడు. "పడుకున్నాడ్రా అబూ నోమ్!"

"నే ముందే చెప్పా, వింటేగా" అని సత్తాం పళ్ళు నూరాడు.

వాళ్ళవైపు ఇంకో గొంతు, కోపంగా: "షేక్, ఇదేం పద్ధతి? కాదనాలనుంటే నోటితో చెప్పొచ్చుగా. పిల్లనడగడానికొస్తే పడుకుంటారా?"

అన్నీ వింటున్నాను. "కాదనలేదయ్యా, తాగండి!" అని లోపల అరుస్తున్నాను. నాలుక మాత్రం నోట్లో రాయిలా పడి ఉంది. అంతమంది మధ్య నా అంత ఒంటరివాడు ఆ క్షణంలో ఎక్కడా ఉండడు. చీకటి గదిలో వేసి తాళం పెట్టినా కనీసం తలుపు కొట్టొచ్చు.

"మాదే తప్పు, పెద్దలు మన్నించాలి. మా అన్న బదులు నేను..." అంటూ సత్తాం లేచాడు.

అప్పుడు తెర వెనక నుంచి నౌఫా గొంతు వినిపించింది. జాహాలో పిల్ల గొంతు మగవాళ్ళ చావడిలో వినపడడం మా వంశంలో ఎప్పుడూ జరగలేదు.

"మా పెదనాన్న నిద్రపోలేదు. మీ మాటలన్నీ వింటున్నాడు. ఆయనకో జబ్బుంది. సంతోషం పట్టలేకపోతే ఒళ్ళు స్వాధీనం తప్పుతుంది. దయచేసి కాసేపాగండి."

దాచినదంతా ఒక్క ముక్కలో బయటపెట్టేసింది, తన పెళ్ళి చెడిపోతుందేమోనన్న భయం కూడా లేకుండా. గుసగుసలు లేచాయి. "జబ్బా? ఏం జబ్బు? పిల్లకి కూడా..."

"నోళ్ళు ముయ్యండి" అన్నాడు దైఫుల్లా.

"షేక్, కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"చల్లారితే చల్లారనీ. కాఫీ తాగడానికొచ్చామా, పిల్లనడగడానికొచ్చామా? ఇదిగో సత్తాం, నువ్వు కూర్చో. మాట మొదలెట్టినాయనే ముగించాలి. సంతోషంతో పడిపోయే వియ్యంకుణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. మావాళ్ళు పిల్లకిచ్చే మెహర్ మాట దగ్గరే పడిపోతారు."

ఆయన అరచెయ్యి గిన్నె మీద మూతలా పెట్టినట్టున్నాడు, అంగీ గరగరను బట్టి పోల్చుకున్నాను. నా కోసం ఒక మనిషి ఆగాడు. నా కోసం చావడి మొత్తం ఆగింది. ఆ సంగతి తలచుకోగానే సంతోషం ఇంకా పెరిగింది, లేవబోతున్న మెడ మళ్ళీ వాలిపోయింది. చూడండి నా ఖర్మ. నన్ను గౌరవించేకొద్దీ నేను కూలిపోతున్నాను.

ఇక ఒకటే దారి. ఆ సంతోషాన్ని లోపలే చంపాలి. దేన్ని తలచుకుందామా అని వెతికాను. ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. నేనీ మాట అన్నాక ఏం జరుగుతుంది? నౌఫా అకబా వెళ్ళిపోతుంది. రేపట్నుంచి నేను ఏ గోడవారనో కూలబడితే జనం దాటుకుని పోతారు. పక్కన కూర్చుని చెవిలో కబురు చెప్పేవాళ్ళుండరు. నేను మెలకువగా ఉన్నానని తెలిసిన ఒకే ఒక్క మనిషిని నా నోటితో నేనే పంపించేస్తున్నాను.

మెడలోకి బలం వచ్చింది. తర్వాత దవడలోకి. తర్వాత మోకాళ్ళలోకి. గోడ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను.

"కాఫీ తాగండి షేక్" అన్నాను. "మీరడిగింది మీదే. మా నౌఫా మీ పిల్లే."

దైఫుల్లా చల్లటి చేదు కాఫీ ఒక్క గుక్కలో తాగి మొహం వికారంగా పెట్టాడు. తెర వెనక ఆడవాళ్ళ సంబరపు కేకలు చావడి కప్పు ఎగరగొట్టాయి. అందరూ వచ్చి నా భుజాలు ముద్దుపెట్టుకున్నారు. సఖర్ నా చెయ్యి పట్టుకుని "మీకేం కావాలన్నా నేనున్నాను మావయ్యా" అన్నాడు. మంచి కుర్రాడే. ఏం తప్పు పట్టడానికీ దొరకలేదు.

తర్వాత పళ్ళేలు వచ్చాయి. అన్నం మీద మాంసం కొండలా పోసి, పెరుగు పులుసు ఒలకబోసి, అంతా నిలబడి కుడిచేత్తో ఉండలు చేసుకుని తిన్నాం. నిషేధం తీరిందని మా కుర్రాళ్ళు జోకుల మీద జోకులేశారు. ఎప్పుడూ లేచిపోయేవాణ్ణి, ఆ రోజు మధ్యలోనే నిలబడ్డాను. తఫీలావాడి జోకు మొదటిసారి చివరిదాకా విన్నాను. బాగానే ఉంది.

అందరినీ గుమ్మం దాకా సాగనంపాను. పంట చేతికొచ్చాక పెళ్ళి అనుకున్నారు. సత్తాం నా వీపు తట్టి "పర్లేదే అన్నా! తర్వాత ఒక్కసారన్నా తూల్లేదు. ఆ మందు బాగా పనిచేస్తోందే" అన్నాడు.

"అవున్రా" అన్నాను.

ఇల్లు ఖాళీ అయింది. గిన్నెలు ఏరుతూ నౌఫా చావడిలోకి వచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. వెలగాలి కూడా.

"పెదనాన్నా, సంతోషంగా ఉందా?" అని అడిగింది.

"చాలా సంతోషంగా ఉందమ్మా" అన్నాను, నిటారుగా నిలబడి.

అది నా మొహం వైపు చూడలేదు. నా మోకాళ్ళ వైపు చూసింది. చేతిలో గిన్నెలు కింద పెట్టేసి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.